ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి

హలో… ఎదెల్మీరా గారేనా? … ఆ, మీతోనే పని. నేను యెర్కాని. పుంతా అరేనాస్ నుంచి.

…

అయ్యో, లేదు లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. నా మాట వినండి— నెల్సన్ బాగానే ఉన్నాడు. ఇదిగో, కిటికీలోంచి ఎదురుగా కనిపిస్తున్నాడు. లారీలోకి మూటలు అందిస్తున్నాడు.

…

ముందు కూర్చోండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. నేను ఆగుతాను.

…

నాదే బుద్ధితక్కువ. నా గొంతు వినగానే మీకేం గుర్తొస్తుందో ఆలోచించుకోవాల్సింది. ఎనిమిదేళ్ళయినా పోల్చుకున్నారు… అవును. మీ తమ్ముడి కబురు ఆ రోజు ఫోన్లో చెప్పింది నేనే. … ఎలా మర్చిపోతారు లెండి. నేనూ మర్చిపోలేదు.

…

ఊఁ, ఇంకా అదే పని. గోదాం చూసుకోవడం, సామాను తూకం వెయ్యడం, వాళ్ళు మంచుమీద ఉన్నన్నాళ్ళూ రోజూ సాయంత్రం ఫోను ముందు కూర్చోవడం. పంతొమ్మిదేళ్ళయింది.

అక్కడ వానా? రేకుల చప్పుడు వినిపిస్తోంది. … మీ చిలోయే దీవిలో వాన లేని రోజేది లెండి. ఇక్కడ గాలి. లారీమీద పట్టా కప్పుతుంటే నలుగురు పట్టుకున్నా నిలవడం లేదు.

…

సరే, తిన్నగా చెప్పేస్తాను. ఇవాళ సాయంత్రం ఆరింటికి విమానం. ఐదుగురు వెళ్తున్నారు. రెండు ట్రాక్టర్లు పోయిన నెలే ఓడమీద వెళ్ళాయి. వీళ్ళు మంచుమీద దిగి, వాటిమీద దక్షిణ ధ్రువం దాకా వెళ్ళి వెనక్కి రావాలి. డెబ్బై రోజులు. … మీకు తెలీదా? అస్సలు చెప్పలేదా? … అవున్లెండి, మాటల్లేవు కదా. ఎన్నాళ్ళయింది? … ఏడేళ్ళు.

ముందు ట్రాక్టరు నెల్సన్ నడుపుతాడు.

…

ఉన్నారా?

…

ఉన్నారు. సరే. ఫోన్ చేసింది ఎందుకంటే— వెళ్ళేవాళ్ళు ఒక ఫారం నింపాలి, మీకు తెలిసిందే. ఏదైనా జరిగితే మొదట ఎవరికి చెప్పాలి, అని ఒక గడి. నెల్సన్ మూడు వారాలుగా దాన్ని ఖాళీగా వదిలేశాడు. అడిగితే, నాకెవరున్నారు, నీ పేరే రాసుకో, రోజూ తిట్టేదానివి నువ్వేగా అంటాడు. ఇవాళ పొద్దున గట్టిగా చెప్పాను, గడి నిండకపోతే విమానం ఎక్కనివ్వనని. అప్పుడు రాశాడు. మీ పేరు. నంబరు ఎక్కడా చూడకుండా గడగడా రాసేశాడు. పక్కన 'భార్య' అని.

…

నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా? నాకు తెలీడం లేదండీ.

…

అలాగేం లేదు, కొట్టెయ్యమంటే కొట్టేస్తాను. ఆయన కబురు మీకు అక్కర్లేదంటే అదే మాట రాస్తాను. … ఊఁ. … ఉంచమంటారా? … సరే. ఉంచుతున్నా.

ఇంకో మూడు ప్రశ్నలున్నాయి. అందరి ఇళ్ళకీ ఇవే. మిగతా నలుగురి ఇళ్ళవాళ్ళతో మాట్లాడేశాను, మీదే ఆఖరు. ఈ నంబరు రాత్రీ పగలూ పలుకుతుందా? … మంచిది.

రెండోది అడగడానికి నాకు నోరు రాదు. అయినా అడగాలి. అక్కడ మనిషి పోతే, తీసుకురావడం కుదరకపోతే… అక్కడే ఉంచెయ్యడానికి మీకు సమ్మతమేనా?

…

తెలుసండీ. మీ తమ్ముడు హువెనల్ ఇంకా అక్కడే ఉన్నాడని నాకు తెలుసు. ఉన్న తాళ్ళన్నీ ముడేసి మంచులో ఆ పగుల్లోకి దించారు. నూట ఇరవై మీటర్లు. అడుగు తగల్లేదు.

…

అనండి. మీరు అనొచ్చు. ఎన్నయినా అనొచ్చు.

…

ఏమీ రాయను. ఆ గడి అలాగే వదిలేస్తున్నా.

ఇంక ఆఖరిది. ఆయనకి మాకు తెలియాల్సిన జబ్బేదైనా ఉందా? … మాటవరసకి అడుగుతున్నా లెండి. శాంతియాగోలో డాక్టర్లు రెండు రోజులు కూర్చోబెట్టి అన్నీ చూశారు. గుండె, రక్తం, కళ్ళు. పళ్ళు కూడా లెక్కపెట్టారు. పశువుల సంతలో కూడా ఇంత చూడరని ఒకటే గొణుగుడు. 'ఏమీ లేదు' అని రాసేస్తున్నా—

…

ఎదెల్మీరా గారూ?

…

లైను పోయిందా… లేదు, వాన వినిపిస్తోంది.

…

రాయొద్దా?

…

పెన్ను కింద పెట్టేశాను. చెప్పండి.

…

గుర్తుంది. ఎనిమిదేళ్ళ క్రితం వాళ్ళిద్దరూ వెళ్ళేటప్పుడు కూడా ఇదే అడిగాను. మీరు ఏమీ లేదన్నారు, నేను రాసుకున్నాను.

…

అబద్ధమా?

…

నెమ్మదిగా. నెమ్మదిగా చెప్పండి. నేనెక్కడికీ పోను.

…

భోంచేస్తూ. … చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. … పిలిస్తే పలకలేదా? కళ్ళు? … తెరిచే ఉన్నాయి. ఎంతసేపు? … అర నిమిషం. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు, సగంలో ఆపిన మాట పూర్తిచేసి తినేశాడు.

అలసట అయి ఉంటుందండీ. ఒంట్లో నీరసంగా ఉంటే నేనూ ఒక్కోసారి అలా చూస్తూ ఉండిపోతాను. దానికే—

…

సరే. అడ్డురాను. చెప్పండి.

…

పడవలోనా?

…

చుక్కాని మీద పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంది, పడవ రాళ్ళమీదికి పోతోంది. … హువెనల్ ఉన్నాడా అందులో? … ఆయనే వచ్చి చుక్కాని లాక్కున్నాడు. అంటే మీ తమ్ముడికీ తెలుసన్నమాట.

తెలిసి కూడా నెల్సన్‌తో బయల్దేరాడా?

…

అవును. ఆ షరతు మేమే పెట్టాం. డ్రైవరు, మెకానిక్కు— వస్తే ఇద్దరూ కలిసి రావాలి, లేకపోతే ఇద్దరూ వద్దు అన్నాం. ఒకళ్ళు ఆగితే రెండోవాళ్ళూ ఆగిపోవాల్సిందే.

…

'నువ్వు నోరు విప్పకక్కా, నేను పక్కనే కూర్చుంటాను' అన్నాడు. … అందుకని నేను అడిగినప్పుడు మీరు ఏమీ లేదన్నారు.

…

ఎదెల్మీరా గారూ, ఆ రోజు హువెనల్ పక్కన కూర్చోలేదు. … మీకెవరూ చెప్పలేదా? … ముందు రాత్రంతా తుఫాను. ఇంజను గడ్డకట్టిపోకుండా హువెనలే మేలుకుని కూర్చున్నాడు. తెల్లారాక బయల్దేరారు. ఒక్క రెండు గంటలు కళ్ళు మూసుకుంటాను, తర్వాత లేపమని చెప్పి, ట్రాక్టరు వెనక లాగే గదిలో పడుకున్నాడు. పైన మంచు కప్పేసిన పగులొకటి ఉంది, ట్రాక్టరు దాన్ని దాటేసింది. దాని బరువుకి మంచు విరిగింది. కొక్కెం ఊడి, గది లోపలికి పోయింది.

…

నిద్రలోనే. నిద్రలోనే అయి ఉంటుంది.

…

ఏడవండి. నేనుంటాను.

…

లేదు, ఇంకా అక్కడే ఉన్నాడు. మూటలైపోయాయి, ఇప్పుడు పట్టా తాళ్ళు బిగిస్తున్నాడు. ఎవరితోనో నవ్వుతూ ఏదో అంటున్నాడు. మీరు పొగబెట్టే ఆల్చిప్పల మాంసం ఉంటుంది చూడండి, అలాంటిది నాలుగు కట్టలు పనిముట్ల పెట్టెలో దాచాడు మొన్న, తూకానికి దొరక్కుండా. పట్టుకున్నాను. ఆవిడ చేతివైతే వదిలేసేదానివి కదా అన్నాడు. ఆవిడంటే మీరని అప్పుడు నాకు తట్టలేదు.

…

నేనూ మీకొకటి చెప్పాలి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

విచారణకి వచ్చినాయన ఆ దారి పటం నా బల్లమీదే గీశాడు. ముందువెళ్ళినవాళ్ళు పాతిన జెండాలు ఒకచోట ఎడమకి తిరుగుతాయి. మీ ఆయన బండి జాడ తిరగలేదు. తాడు పట్టి గీసినట్టు తిన్నగా పోయింది. అందరూ తెల్లచీకటి అన్నారు— నేలేదో ఆకాశమేదో తెలీకుండా అంతా తెల్లగా అయిపోతుంది, కళ్ళున్నా గుడ్డే. కాయితంలో అదే రాశారు. కానీ దారి కనపడనివాడు ఆగుతాడు కదండీ? అటూ ఇటూ తడుముకుంటాడు. ఆ జాడ ఎక్కడా తడబడలేదు. అది చూసి నాకు అనుమానం వచ్చింది. అయినా మాట్లాడలేదు. బతికొచ్చినవాణ్ణి ఇంకెందుకు చంపడం అనుకున్నాను.

…

అవును. దాచింది మీరొక్కరే కాదు.

…

ఇంకోటి కూడా ఉంది. మీరు చెంచా సంగతి చెప్తున్నప్పట్నుంచి నా కళ్ళముందే తిరుగుతోంది. మొన్న పొద్దున ఇక్కడే, గోదాంలో. పొయ్యిలకి కిరోసిన్ పడుతున్నాడు, పీపా కుళాయి కింద డబ్బా పెట్టి. నేను అటు తిరిగి బియ్యం తూస్తున్నాను. వాసన వచ్చి చూస్తే డబ్బా నిండి పొర్లిపోతోంది, నేలంతా పారుతోంది, ఆయన బూట్ల చుట్టూ మడుగు కట్టింది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నేను కేకలేశాను. కళ్ళు నెత్తికెక్కాయా అన్నాను. అయినా కదల్లేదు. నేనే పరిగెత్తి కుళాయి కట్టేశాను.

తర్వాత ఏమన్నాడో తెలుసా? 'యెర్కా, ఇదెవరు ఒలకబోశారు?' అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. నవ్వాను కూడా.

…

వేళాకోళం కాదు.

…

ఆయనకి తెలుసా ఇది? తెలిసి దాస్తున్నాడా? … మీరు చెప్పారా? ఎప్పుడు? … తమ్ముడు పోయిన ఏడాదికి. … తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. … అందుకా మీరు విడిపోయింది. నేను వేరేలా విన్నాను. మీరే వెళ్ళగొట్టారని అందరూ అనుకుంటారు.

…

ఈసారి వెనక గదిలో పడుకునేది ఎవరో చెప్పనా? రెనాతా అని, వాల్దీవియా అమ్మాయి. మంచు గురించి చదువుకుంది. ఇరవై ఏడేళ్ళు. గంట క్రితం వాళ్ళమ్మతో ఇలాగే మాట్లాడాను. మీ డ్రైవరు జాగ్రత్తపరుడేనా అని అడిగింది. అంతకంటే మంచి డ్రైవరు చిలీ మొత్తంలో లేడని చెప్పాను.

…

లేదండీ. అది కుదరదు. మీ పేరు బయటికి రాకుండా ఇది జరగదు. నా ఒక్కదాని మాటంటే డబ్బా ఒలికిందనే అనుకుంటారు. మీ మాటకైతేనే ఆగుతారు.

…

తెలుసు. జన్మలో మీ ముఖం చూడడు. … అది కూడా తెలుసు. పోయిన తమ్ముడు తిరిగిరాడు. … మరి నన్నేం చెయ్యమంటారు? ఆ గడిలో 'ఏమీ లేదు' అని రాసి, డెబ్బై రోజులు ఈ ఫోన్ పక్కన కూర్చోమంటారా? ఏదైనా జరిగితే మళ్ళీ మీకే కదా నేను చెయ్యాలి. వాల్దీవియాకి కూడా చెయ్యాలి.

…

…

సరే. మీ పేరుతోనే చెప్పమన్నారు, ధైర్యం తెచ్చుకున్నారు. నాకు లేని ధైర్యం. లైన్లోనే ఉండండి, మా నాయకుణ్ణి పిలుస్తాను. కిటికీ తీస్తే గాలి చప్పుడు వస్తుంది, ఏమనుకోకండి.

గాస్పర్! … ఒక్కసారి లోపలికి రా. … అది తర్వాత చూద్దువు, ముందు రా.

…

వస్తున్నాడండీ.

…

తలుపు మూసెయ్ గాస్పర్. ఫోన్లో ఉన్నది ఎదెల్మీరా గారు. నెల్సన్ భార్య, హువెనల్ అక్క. … కూర్చో. … సరే, నిలబడే విను. నెల్సన్‌కి ఉన్నట్టుండి మనిషి మనిషిలో ఉండకుండా పోయే జబ్బు ఉంది. కళ్ళు తెరిచే ఉంటాడు, అర నిమిషంపాటు ఏమీ తెలీదు. ఇంట్లో ఒకసారి, పడవలో ఒకసారి ఈవిడ చూశారు. మొన్న కిరోసిన్ దగ్గర నేను చూశాను. హువెనల్ పోయిన రోజు కూడా అదే జరిగింది.

…

కోపంతో చెప్తోందా? ఎనిమిదేళ్ళు లోపల దాచుకున్న మనిషి కోపంతో ఇవాళ చెప్తుందా? నేనే ఫోన్ చేశాను ఆవిడకి. ఆవిడ చెయ్యలేదు.

…

నాకూ తెలుసు ఆ బండిని ఆయన రెండేళ్ళు విప్పి కట్టాడని. … వాతావరణం ఇవాళొక్కరోజే తెరిపి ఇచ్చిందని కూడా తెలుసు. … నడపకుండా, బాగుచెయ్యడానికి మాత్రం తీసుకెళ్తావా? బాగుంది. తాడు పట్టుకుని నిన్ను పగుల్లోకి దించేటప్పుడు ఆ అర నిమిషం వస్తేనో?

…

నన్ను తిట్టినా సరే. నువ్వు తీసుకెళ్తానంటే నేను ఇప్పుడే రెనాతా వాళ్ళమ్మకి ఫోన్ చేస్తాను.

…

వెళ్ళు. పిలుచుకురా. నేనే చెప్తాను. ఆ మాట నీ నోట రానక్కర్లేదు.

…

ఎదెల్మీరా గారూ… విన్నారు కదా. ఆయన్ని పిలవడానికి వెళ్ళాడు.

…

ఆయన ఫారం మళ్ళీ ముందుకి లాక్కున్నాను. మీ పేరు రాసిన గడినే చూస్తున్నాను.

…

ఒకటడుగుతాను, ఏమనుకోరు కదా. ఆయనకి అన్న ఉన్నాడు కదా, అంకూద్‌లో. ఆయన పేరు రాసి ఉంటే నా పని ఒక్క నిమిషంలో అయిపోయేది. ఆయన పేరు రాయలేదు. ఈ జబ్బు ప్రశ్న నేను అడుగుతానని నెల్సన్‌కి తెలుసు. జవాబు తెలిసింది మీ ఒక్కరికేనని కూడా తెలుసు.

…

అంత ఆలోచించే మనిషి కాదంటారా. … ఏమో. ఒకే కంచంలో తిన్నవారు మీరు, మీకే తెలియాలి. నాకు అలా అనిపించింది, అంతే.

…

వస్తున్నారు. గాస్పర్ ఏమీ చెప్పినట్టు లేడు. నెల్సన్ చేతులు తుడుచుకుంటూ వస్తున్నాడు.

రా నెల్సన్. … అన్నీ ఎక్కించేశారా? … సరే, ఆ మూట తర్వాత చూద్దాం. కూర్చో. … కూర్చోమంటుంటే.

ఫోన్లో ఎదెల్మీరా ఉంది.

…

ఆఖరి ప్రశ్న అడిగాను. జవాబు చెప్పింది. పడవ సంగతి చెప్పింది. హువెనల్ ఆవిడకిచ్చిన మాట సంగతి చెప్పింది. మొన్న కిరోసిన్ ఒలకబోసింది నువ్వే నెల్సన్. నీ కాళ్ళ చుట్టూ పారుతుంటే నువ్వే చూస్తూ నిలబడ్డావు. నీకు తెలీలేదు.

నువ్వు ఈ విమానం ఎక్కడం లేదు.

…

నెల్సన్?

…

ఎదెల్మీరా గారూ, నిలబడే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఏమీ అనడం లేదు. … నాకు తెలీడం లేదండీ, ఇది అదో, లేకపోతే ఊరికే నిలబడ్డాడో. … చేతులా? చేతులు ఊరికే వేలాడుతున్నాయి. … రెప్ప వేస్తున్నాడా అంటే… ఉండండి, చూస్తాను.

నెల్సన్. నా మాట వినిపిస్తోందా?

…

వింటున్నాడు. వింటున్నాడండీ. మనిషి ఇక్కడే ఉన్నాడు. తల ఊపాడు.

…

ఏమన్నావ్? గట్టిగా చెప్పు.

…

'రెనాతాకి చెప్పారా' అని అడుగుతున్నాడు. … లేదు, ఇంకా చెప్పలేదు నెల్సన్. చెప్తాం.

…

లేదండీ, అరవడం లేదు. గోడవార పెట్టెమీద కూర్చున్నాడు. బూట్ల తాళ్ళు విప్పుతున్నాడు. మంచుకని ఇచ్చిన పెద్ద బూట్లు, పొద్దున్నే తొడుక్కున్నాడు. ఒకటి తీశాడు. … రెండోది రావడం లేదు, ముడి పడింది.

గాస్పర్ వంగి విప్పుతున్నాడు.

…

వచ్చింది. రెండూ జతగా గోడపక్కన పెట్టాడు.

…

ఆ, గాస్పర్ విమానాశ్రయానికి ఫోన్ చేస్తున్నాడు. నలుగురం అని చెప్తున్నాడు. ఒక్క బండే, ధ్రువం దాకా వెళ్ళరట, సగం దారి దాకా. … వెళ్తారు. మిగతావాళ్ళు వెళ్తారు.

…

మేజోళ్ళతో కూర్చున్నాడు. తల ఎత్తడం లేదు. … అడుగుతాను.

నెల్సన్, మాట్లాడతావా?

…

ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. … పెట్టెయ్యమంటారా? … వద్దా? … సరే. నేను బయటికి వెళ్తున్నాను, రెనాతాకి చెప్పాలి. గాస్పర్‌ని కూడా తీసుకెళ్తాను. ఫోన్ ఇక్కడ, ఆయన పక్కనే, పెట్టెమీద పెడుతున్నాను. ఊపిరి కూడా వినిపించేంత దగ్గర్లో. ఎంతసేపైనా ఏమీ అనకపోవచ్చు.

ఆయన తీసుకునేదాకా మీరు పెట్టెయ్యకండి.